ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డీఈ: కంప్యూటర్ మీద గెలుస్తున్నా గానీ ర్యాంక్డ్ బటన్ నొక్కాలంటే టెన్షన్. ఎలా మొదలుపెట్టాలి?

కోట_గోడ_కట్టలేదు:

అందరికీ నమస్తే. ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే ఈ కంప్యూటర్ ఆట కొత్త రూపం డెఫినిటివ్ ఎడిషన్ (డీఈ)ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాప్ సేల్‌లో కొన్నాను, క్యాంపెయిన్లు చాలావరకు ఆడేశాను, 'హార్డ్' ఏఐ (కంప్యూటర్ ప్రత్యర్థి) మీద ఇప్పుడు దాదాపు ప్రతిసారీ గెలుస్తున్నాను. కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్‌లో లాన్ మీద ఫ్రెండ్స్‌తో ఆడిన అలవాటు ఉంది కానీ అప్పుడు మా రూల్ ఏంటంటే 40 నిమిషాల దాకా ఎవరూ ఎవరి మీదకీ వెళ్లకూడదు, అందరం గోడలు కట్టుకుని, 200 పాపులేషన్ (పనివాళ్లు, సైన్యం కలిపి లెక్క) నింపుకుని అప్పుడు యుద్ధం. ఆన్‌లైన్‌లో అలా ఉండదని యూట్యూబ్ చూస్తే అర్థమైంది, పదో నిమిషానికే గుర్రాలు వచ్చి విలేజర్లను (పనివాళ్లను) పొడుస్తున్నాయి.

నా ప్రశ్నలు గజిబిజిగా ఉంటే ఏమనుకోకండి. అసలు నేరుగా ర్యాంక్డ్‌లోకి (ఆన్‌లైన్‌లో పాయింట్ల కోసం ఆడే ఆటల్లోకి) వెళ్లొచ్చా, లేక ముందు ఇంకా నేర్చుకోవాలా? ఏ సివిలైజేషన్, అంటే ఏ జాతి తీసుకోవాలి (ద్రవిడియన్స్ అని చూడగానే మనసు లాగుతోంది)? నా లాప్‌టాప్ నాలుగైదేళ్ల పాతది, నెట్ ఫైబరే కానీ వైఫై మీద ఆడతాను, లాగ్ వచ్చి అవతలివాళ్లు తిడతారేమో అని ఒక భయం. పిల్లలు పడుకున్నాక రాత్రి పది తర్వాతే టైమ్ దొరుకుతుంది కాబట్టి రోజుకు ఒక ఆట, మహా అయితే రెండు. ఫ్యూడల్ ఏజ్ (ఆటలో రెండో దశ) బటన్ నేను 14వ నిమిషం దగ్గర నొక్కుతున్నాను, 28 పాపులేషన్‌తో. అది మరీ లేటా?

బెజవాడ_లాంగ్‌బో:

నేరుగా వెళ్లిపో బ్రో. ఇంకా నేర్చుకుని వెళ్తా అనుకునేవాళ్లు ఎప్పటికీ వెళ్లరు, ఇక్కడే అలాంటివాళ్లు డజను మంది ఉన్నారు.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకో. ర్యాంక్డ్‌లో కొత్తవాడికి మొదటి ఆటకే 1000 ఈలో (ఆటగాడి స్థాయిని చూపే పాయింట్లు) ఇస్తారు. 1000 అంటే కొత్తవాళ్ల లెవెల్ కాదు, అది మధ్యస్థంగా ఆడేవాడి లెవెల్. నీ గురించి సిస్టమ్‌కి ఏమీ తెలియదు కాబట్టి మధ్యలో నిలబెట్టి చూస్తుంది, అంతే. కాబట్టి మొదట్లో వరసగా ఓడిపోతావు. ఓడిన ప్రతిసారీ ఈలో తగ్గుతుంది, నీకు తగినవాడు దొరికేదాకా కిందికి దిగుతావు, అది 700 కావచ్చు 600 కావచ్చు, అక్కడి నుంచి రెండు ఆటల్లో ఒకటి గెలుస్తుంటావు. చాలామంది ఈ దిగే దశలోనే 'ఇది నా వల్ల కాదు' అని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఇంకో నాలుగు ఆటలు ఓపిక పట్టి ఉంటే వాళ్ల లెవెల్ వాళ్లకు దొరికేది. లీడర్‌బోర్డ్‌లో కూడా 10 ఆటలు అయ్యాకే పేరు కనిపిస్తుంది, అప్పటిదాకా నువ్వు ఎంత ఓడినా చూసేవాడే లేడు.

సమానమైన ఈలో ఉన్నవాళ్లు ఆడితే సుమారు 16 పాయింట్లు అటూ ఇటూ మారతాయి. రాత్రి ఒక ఆట ఓడితే పోయేది అంతే. మన క్రెడిట్ స్కోర్ కాదు కదా.

ద్రవిడియన్స్ వద్దు. నా మాట విను. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్ వచ్చినప్పుడు మనవాళ్లందరూ మొదట చేసిన పని అదే, వాళ్లకు నైట్స్ (బలమైన గుర్రపు సైనికులు) లేవన్న సంగతి క్యాజిల్ ఏజ్‌కి (మూడో దశకి) వెళ్లాక తెలుసుకోవడం. గుర్రాల్లో తేలిక రకం తప్ప ఇంకేం లేదు. ఫ్రాంక్స్ తీసుకో, కళ్లు మూసుకుని నైట్స్ చెయ్యి.

పాత_స్కౌట్:

లాంగ్‌బో తమ్ముడు చెప్పినదాంట్లో ఈలో ముక్క అక్షరాలా నిజం, కానీ 'నేరుగా వెళ్లిపో' అన్నదానితో నేను ఏకీభవించను. ఒకటి రెండు రోజులు 'ఆర్ట్ ఆఫ్ వార్' అనే పాఠాల మీద పెట్టండి. ఆటలోనే దొరుకుతుంది, దానికి కాంస్యం, వెండి, బంగారు పతకాలు ఇస్తారు. అందులో ఎర్లీ ఎకానమీ అనే పాఠం ఒక్కటి కాంస్యం వచ్చేదాకా ఆడండి, బంగారం కోసం కూర్చోవద్దు, అది వేరే పిచ్చి.

ఎందుకు చెప్తున్నానంటే మీరు రాసిన అంకెలోనే జబ్బు కనిపిస్తోంది. లెక్క వేద్దాం. ఒక విలేజర్ తయారవ్వడానికి 25 సెకన్లు. ఆట ముగ్గురు విలేజర్లతో, ఒక స్కౌట్‌తో (చుట్టూ చూసి వచ్చే గుర్రపు సైనికుడు) మొదలవుతుంది. 28 పాపులేషన్ అంటే 27 మంది విలేజర్లు, అంటే మీరు కొత్తగా చేసింది 24 మందిని. 24ని 25తో గుణిస్తే 600 సెకన్లు, సరిగ్గా 10 నిమిషాలు. లూమ్‌కి (విలేజర్లను గట్టిపరిచే అప్‌గ్రేడ్) ఇంకో 25 సెకన్లు. విలేజర్లను తయారుచేసే టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే మీరు 10 నిమిషాల 25 సెకన్లకే ఫ్యూడల్ నొక్కాలి. 14కి నొక్కుతున్నారంటే మధ్యలో మూడున్నర నిమిషాలు టౌన్ సెంటర్ ఊరికే కూర్చుంది. ఆ టైమ్‌లో ఎనిమిది మంది విలేజర్లు పుట్టాలి. హార్డ్ ఏఐ దీన్ని క్షమిస్తుంది, మనిషి క్షమించడు.

కాబట్టి బిల్డ్ ఆర్డర్లు (ఏది ఎప్పుడు చేయాలో చెప్పే వరసలు) బట్టీ పట్టడం ఇప్పుడే అక్కర్లేదు. సైన్యం, మైక్రో (యుద్ధంలో ఒక్కో యూనిట్‌ని నడపడం), ఏ యూనిట్‌కి ఏది విరుగుడు, ఇవన్నీ తర్వాత. ముందు టౌన్ సెంటర్ ఆగకూడదు. ఆగడానికి కారణాలు రెండే: ఇల్లు కట్టడం మర్చిపోవడం, ఫుడ్ లేకపోవడం. టౌన్ సెంటర్ ఇచ్చేది ఐదుగురికే చోటు, మీరు నలుగురితో మొదలవుతారు, అంటే మొదటి విలేజర్ పుట్టేలోపే ఇల్లు మొదలుపెట్టకపోతే రెండోవాడికి చోటుండదు. 25 వుడ్‌తో ఇల్లు, ఐదుగురికి చోటు. చేతిలో ఉన్న 200 ఫుడ్‌కి నలుగురు విలేజర్లను వెంటనే క్యూలో పెట్టేయండి.

హాట్‌కీలు డిఫాల్ట్‌లోనే ఉంచండి. 'హెచ్' నొక్కితే టౌన్ సెంటర్, 'క్యూ' నొక్కితే విలేజర్. మీరు ఎక్కడ పోట్లాడుతున్నా, ఏం చూస్తున్నా, వేళ్లు వాటంతట అవే హెచ్, క్యూ నొక్కాలి. ఖాళీగా నిలబడ్డ విలేజర్‌ని వెతకడానికి ఫుల్‌స్టాప్ కీ. ఈ మూడు కీలతో 800 ఈలో దాకా వెళ్లొచ్చు, అతిశయోక్తి కాదు.

నెట్‌వర్క్_నారాయణ:

లాగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

ఈ ఆటలో నెట్ మీద వెళ్లేది బొమ్మలు కాదు, కేవలం ఆదేశాలు. 'ఫలానా విలేజర్ ఫలానా చెట్టు దగ్గరికి' అన్న ఆదేశం అందరి కంప్యూటర్లకూ చేరుతుంది, ఆట మొత్తాన్ని ఎవరి కంప్యూటర్ వాళ్లు విడిగా లెక్కకట్టుకుంటుంది. దీనివల్ల డేటా చాలా తక్కువ ఖర్చవుతుంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా 40 ఉన్నా ఒకటే. కానీ అందరి కంప్యూటర్లూ అడుగులో అడుగు వేసి నడవాలి, కాబట్టి ఒకడి లాప్‌టాప్ ఆయాసపడితే ఆట అందరికీ నెమ్మదిస్తుంది. తిట్లు పడేది అందుకే, పింగ్ (నెట్ ఆలస్యం) వల్ల కాదు.

1 వర్సెస్ 1లో మీ నాలుగైదేళ్ల లాప్‌టాప్‌కి ఏమీ కాదు. ఇద్దరికీ కలిపి 400 యూనిట్లు మించవు. 4 వర్సెస్ 4లో ఎనిమిది మందికి 1600 అవుతాయి, అక్కడ ఫ్యాన్ హెలికాప్టర్‌లా మోగుతుంది. 'ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్' అని ఉచితంగా ఒకటి ఇస్తారు, అది దించుకుని ఉంటే తీసేయండి, 4కే మానిటర్ లేనివాళ్లకు దాని అవసరం లేదు. ఆటలోనే బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంది, ఒకసారి నడిపి చూసుకోండి. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద ప్రాసెసర్ స్పీడ్ తగ్గించేస్తుంది.

వైఫై విషయానికొస్తే స్పీడ్ కాదు సమస్య, నిలకడ. పింగ్ 60 దగ్గర స్థిరంగా ఉంటే మీకు తేడానే తెలియదు, 30 నుంచి 300కి గెంతుతుంటే మాత్రం నొక్కినదానికీ జరిగేదానికీ పొంతన ఉండదు. రూటర్ నుంచి ఒక లాన్ కేబుల్ లాగండి, వందా రెండొందలు ఖర్చు. కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారి అదే గదిలో కూర్చోండి. పోర్టులు తెరవడం, హమాచీ (ఇంటర్నెట్ మీద లాన్‌లా కలిపే సాఫ్ట్‌వేర్) లాంటి పాత తలనొప్పులు డీఈలో లేవు, మధ్యలో సర్వర్ ఉంటుంది, అదే కలుపుతుంది. గేమ్ పాస్ (మైక్రోసాఫ్ట్ చందా) మీద ఆడేవాళ్లతోనూ స్టీమ్ వాళ్లు ఆడొచ్చు.

కోట_గోడ_కట్టలేదు:

పాత_స్కౌట్ గారూ, మూడున్నర నిమిషాలా! ఇన్నాళ్లూ నేను ఫుడ్ సరిపోవట్లేదు అనుకుంటూ ఫార్మ్‌లు ముందే వేసేస్తున్నాను. అడవిపందిని ముట్టుకోను, ఒకసారి విలేజర్‌ని చంపేసింది, అప్పటినుంచి దాన్ని అలా వదిలేశా. దానివల్లేనా?

పాత_స్కౌట్:

దానివల్లే అనుకోవచ్చు. ఒక్కో అడవిపందిలో 340 ఫుడ్ ఉంటుంది, గొర్రెలో 100. మీ టౌన్ సెంటర్ పక్కన రెండు పందులు తిరుగుతుంటాయి, అంటే 680. ఒక్క రూపాయి వుడ్ పెట్టకుండా వచ్చేది, దాదాపు 14 మంది విలేజర్ల ఖర్చు. దాన్ని వదిలేసి ఒక్కోటి 60 వుడ్ పెట్టి ఫార్మ్‌లు వేస్తే వుడ్ ఉండదు, వుడ్ లేకపోతే ఇళ్లు ఉండవు, ఇళ్లు లేకపోతే టౌన్ సెంటర్ ఆగుతుంది. అంతా ఒక గొలుసు.

లాగే పద్ధతి: ఒక విలేజర్‌ని పంపి పందిని కొట్టించండి, అది తిరగబడగానే టౌన్ సెంటర్ వైపు పరుగు. బాణం రెండుసార్లు వేయించండి, ఒక్కసారే వేస్తే ఒక్కోసారి పంది మధ్యలో వెనక్కి వెళ్లిపోతుంది. దగ్గరికి రాగానే ఆ విలేజర్‌ని టౌన్ సెంటర్‌లో దాచేసి, గొర్రెల దగ్గరున్నవాళ్లందరినీ పంది మీదకి పంపాలి. విలేజర్‌కి మామూలుగా 25 హిట్ పాయింట్లే (ప్రాణం లెక్క), లూమ్ వేస్తే ఇంకో 15 కలుస్తాయి. కొత్తలో లూమ్ వేశాకే పంది దగ్గరికి వెళ్లండి, 25 సెకన్లు పోతే పోయాయి.

మొదటి పదిహేను మంది ఎటు వెళ్లాలో చెప్తాను, అంతకుమించి ఇప్పుడు గుర్తుపెట్టుకోవద్దు. మొదటి ఆరుగురు గొర్రెల మీద. తర్వాత నలుగురు కలప మీద. ఆ తర్వాతవాడు పందిని లాగాలి. అక్కడి నుంచి నలుగురిని బెర్రీల దగ్గరికి పంపి మిల్ కట్టించండి, మిగతావాళ్లు ఎక్కువగా కలప. ప్రొఫెషనల్స్ 21 పాపులేషన్‌తో ఏడున్నర నిమిషాలకి ఫ్యూడల్ నొక్కుతారు. మీరు పదిన్నరకి నొక్కితే నేను సంతోషిస్తాను.

వేంగి_విలేజర్:

ఒక అమ్మాయిగా ఇందులో ఆడుతున్నాను కాబట్టి తిట్ల గురించి నేను చెప్తా. 1 వర్సెస్ 1లో తిట్లు చాలా తక్కువ. మొదట్లో 'జీఎల్‌హెచ్‌ఎఫ్' (గుడ్ లక్, హ్యావ్ ఫన్) అంటారు, చివర్లో ఓడినవాళ్లు 'జీజీ' (గుడ్ గేమ్) అని రిజైన్ చేస్తారు, మధ్యలో ఎవరికీ టైప్ చేసే తీరిక ఉండదు. ఎవరైనా '11' అని కొడితే నవ్వు శబ్దం వస్తుంది, అది వెక్కిరింపు కూడా కావచ్చు స్నేహం కూడా కావచ్చు, పట్టించుకోకండి. నోరు పారేసుకునేది టీమ్ గేముల్లోనే. ఓడితే తప్పు నీదే అనడానికి అక్కడ ముగ్గురు ఉంటారు. నేనైతే చాట్ మ్యూట్ చేసి ఆడతా, ఏమీ నష్టపోలేదు.

అందుకే నేను చాలామంది చెప్పేదానికి రివర్స్‌లో చెప్తాను: తెలియనివాళ్లతో టీమ్ గేమ్ సేఫ్ అనుకోకండి, ఒంటరిగా ఓడిపోవడమే ప్రశాంతం. తెలిసినవాళ్లు ఉంటే మాత్రం టీమ్ గేమ్‌ని మించింది లేదు. టీమ్ ఈలో వేరు, 1 వర్సెస్ 1 ఈలో వేరు, ఒకటి పాడైతే రెండోది పాడవదు. ఇంకా భయంగా ఉంటే క్విక్ ప్లే ఉంది, దాంట్లో ర్యాంక్ లెక్కలోకి రాదు.

ఆట మధ్యలో పాప ఏడిస్తే రిజైన్ కొట్టి వెళ్లిపోండి. ఎవరూ ఏమీ అనుకోరు. మ్యాప్ నచ్చలేదని లోడింగ్‌లోనే ఆల్ట్ ఎఫ్4 కొట్టడం మాత్రం వద్దు, కాసేపు క్యూలో చేరనివ్వదు, అవతలివాడి టైమ్ కూడా పోతుంది.

మ్యాప్ సంగతి కూడా చూసుకోండి. మీ పాత లాన్ రూల్‌కి దగ్గరగా ఉండేది అరీనా. మొదటినుంచే రాతి గోడ ఉంటుంది, పదో నిమిషానికి గుర్రాలు రావు. అరేబియా అనే మ్యాప్ అంతా బయలే. అరీనాని ఫేవరెట్‌గా పెట్టుకుని మొదలుపెట్టండి.

బెజవాడ_లాంగ్‌బో:

అరీనా సలహా మాత్రం ఒప్పుకోను అక్కా. అరీనాలో అలవాటుపడితే గోడ లేని చోట ఆడటం ఎప్పటికీ రాదు. అందులోనూ అక్కడ ఎదుటివాడు మాంక్‌లు (మన సైనికుల్ని తనవైపు తిప్పుకునే సన్యాసులు), సీజ్ (గోడలు పగలగొట్టే యంత్రాలు) పట్టుకుని వచ్చి ముంగిట్లో క్యాజిల్ కట్టేస్తాడు, కొత్తవాడికి అదేంటో కూడా అర్థం కాదు. అరేబియాలో దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపిస్తుంది.

గుర్రాలు వస్తే భయపడేదేం లేదు. బ్యారక్స్ ఎలాగూ ఉంటుంది, రెండు మూడు స్పియర్‌మెన్ చెయ్యి, ఒక్కోడికి 35 ఫుడ్, 25 వుడ్. గుర్రం రాగానే విలేజర్లను అందరినీ గంట కొట్టి లోపలికి తోసేయకు, దాడి జరుగుతున్న చోట ఉన్న నలుగురిని మాత్రం దాచు, మిగతావాళ్లు పని చేసుకుంటారు. కలప దగ్గర చెట్ల మధ్య సందుల్లో చెక్క గోడ ముక్కలు పెట్టు, ఇళ్లు కూడా గోడలాగే వాడు.

వేంగి_విలేజర్:

600 ఈలోలో ముంగిట్లో క్యాజిల్ కట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు తమ్ముడూ. అక్కడ అందరూ ఆయన పాత లాన్ రూల్‌లోనే ఆడుతుంటారు, ఎవరూ ఒప్పందం చేసుకోకుండానే. 20 నిమిషాలు గడిచినా ఒక్క గుర్రం రాని ఆటలు చూడాలంటే టీ90 అనే యూట్యూబర్ 'లో ఈలో లెజెండ్స్' వీడియోలు చూడండి, భయం పోవడానికి అంతకంటే మంచి మందు లేదు. హెరా అనే టాప్ ప్లేయర్ వీడియోలు కూడా బాగుంటాయి కానీ ఆయన చేతులు చూస్తే నిరాశ వస్తుంది, ఆ స్పీడ్ మనది కాదు. స్పిరిట్ ఆఫ్ ది లా అనే యూట్యూబర్ లెక్కలు చెప్తాడు, అది పాత_స్కౌట్ గారి టైప్ వాళ్లకి.

ద్రవిడియన్స్ మీద మోజు తీరాలంటే రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఉంది, అక్కడ తీర్చుకోండి. మన దేశపు సివ్ (సివిలైజేషన్) కావాలంటే హిందుస్తానీస్, విలేజర్లు కాస్త చవగ్గా వస్తారు, ఒంటెలు గుర్రాలను చీల్చేస్తాయి.

డల్లాస్_రాత్రులు:

చిన్న విషయం కలుపుతా. నేను అమెరికాలో ఉంటాను, హైదరాబాద్‌లో ఉన్న పాత గ్యాంగ్‌తో శనివారాలు ఆడతాం, మాకు పొద్దున్న, వాళ్లకి సాయంత్రం. ఇలా దూరాలు కలిసినప్పుడు ఎవరో ఒకరికి పింగ్ 200 దాటుతుంది, ఆట ఆడొచ్చు కానీ ఆదేశానికి, కదలికకి మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. పందిని లాగేటప్పుడు కాస్త ముందుగా నొక్కాలి, అంతే. టీమ్ గేమ్‌కి వస్తే పాకెట్‌లో, అంటే మధ్యలో నిలబెట్టమని అడగండి, అంచున ఉండే ఫ్లాంక్ వాళ్లకే ముందు దెబ్బలు తగులుతాయి. పాకెట్ వాడి పని నైట్స్ తయారుచేసి అన్నిచోట్లకీ పరిగెత్తడం. ఫ్రాంక్స్‌కి గుర్రాల హిట్ పాయింట్లు 20 శాతం ఎక్కువ, అందుకే అందరూ అదే చెప్తారు.

కోట_గోడ_కట్టలేదు:

అప్‌డేట్. కేబుల్ లాగాను, ఆర్ట్ ఆఫ్ వార్‌లో కాంస్యం వచ్చింది, ఆ ఊపులో నిన్న రాత్రి ర్యాంక్డ్ నొక్కేశాను. అరేబియా, నేను ఫ్రాంక్స్, అవతలివాడు బ్రిటన్స్. ఓడిపోయాను కానీ 38 నిమిషాలు నిలబడ్డాను, నైట్స్‌తో ఒకసారి వాడి కలప దగ్గరికి వెళ్లి తొమ్మిది మంది విలేజర్లను చంపాను! ఆ తర్వాత లాంగ్‌బోలు (బ్రిటన్స్ విలుకాళ్లు) వచ్చి నన్ను తుడిచేశాయి. చివర్లో వాడే ముందు జీజీ అన్నాడు. రికార్డింగ్ లింక్ పెడుతున్నా, ఎవరికైనా తీరిక ఉంటే చూడండి.

పాత_స్కౌట్:

చూశాను. ఫ్యూడల్ 11:40కి నొక్కారు, 28 పాపులేషనే. ఇంకా ఒక నిమిషం పైన పోయింది కానీ 14 ఎక్కడ, ఇదెక్కడ. పందులు రెండూ తెచ్చారు, రెండోదాని దగ్గర విలేజర్ తృటిలో బతికాడు.

ఓడింది లాంగ్‌బోల వల్ల కాదు. 22వ నిమిషంలో మీరు వాడి విలేజర్లను చంపుతూ ఆనందిస్తున్నప్పుడు మీ టౌన్ సెంటర్ రెండున్నర నిమిషాలు ఖాళీ, బ్యాంక్‌లో 900 ఫుడ్ మూలుగుతోంది. వాడు తొమ్మిది మందిని పోగొట్టుకున్నాడు, మీరు ఆరుగురిని పుట్టించలేదు, ఆ దాడికి మిగిలింది ముగ్గురే. పైగా క్యాజిల్ ఏజ్‌లో ఇంకో రెండు టౌన్ సెంటర్లు కట్టొచ్చు, మీరు చివరిదాకా ఒక్కదానితోనే ఆడారు. ఒక్కోటి 275 వుడ్, 100 స్టోన్, మీ దగ్గర మొదటినుంచి వాడని 200 స్టోన్ అలాగే ఉంది. తర్వాతి ఆటలో క్యాజిల్ ఏజ్ రాగానే కలప దగ్గర ఒకటి కట్టండి, మూడో టౌన్ సెంటర్ గురించి ఆ తర్వాత మాట్లాడదాం.

బెజవాడ_లాంగ్‌బో:

బ్రిటన్స్ మీద నైట్స్ ఆపకుండా చేస్తూ ఉండాలి బ్రో, ఒక్క గుంపు పంపి ఊరుకుంటే లాంగ్‌బోలు పోగుపడతాయి. ఈ రాత్రి పదిన్నరకి నేను ఖాళీ, లాబీ పెడతా, ర్యాంక్ లేకుండా నేనే లాంగ్‌బోలు చేస్తా, నువ్వు తట్టుకోవడం ప్రాక్టీస్ చెయ్యి. వస్తావా?

కోట_గోడ_కట్టలేదు:

పాప పదింటికల్లా పడుకుంటే వస్తా బ్రో. పాస్‌వర్డ్ మెసేజ్‌లో పంపు.